శరణార్థి పిల్లలతో చైల్డ్ ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉద్యోగం: చేరమంటారా?

నగరి అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది నగరి. తిరుపతి మహిళా యూనివర్సిటీలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేశాను. ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి చైల్డ్ ప్రొటెక్షన్ ఆఫీసర్ పోస్టుకు ఆఫర్ వచ్చింది. పని శ్రీలంక తమిళ శరణార్థులు ఉండే శిబిరాల్లో, గుమ్మిడిపూండి, పుళల్ వైపు. మా ఊళ్లో సగం మంది తమిళం మాట్లాడతారు కాబట్టి నాకూ బాగానే వచ్చు.

అమ్మకు ఇష్టం లేదు. "ఆ పిల్లల కష్టాలన్నీ వింటూ కూర్చుంటే నీ ఆరోగ్యం పాడవుతుంది, గవర్నమెంట్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగు" అంటోంది. నాకేమో చేరాలని గట్టిగా ఉంది. కానీ రోజూ చేసే పని ఏమిటో, ఏ చట్టం కింద చేస్తామో ఇంటర్వ్యూలో ఎవరూ సరిగా చెప్పలేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

స్వర్ణముఖి

తల్లీ, ముందుగా శుభాకాంక్షలు. నేను శరణార్థులతో పనిచేయలేదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో చాలాకాలం ఉన్నాను. మొదట చిత్తూరు, 2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతి. శిబిరమైనా రైల్వే స్టేషనైనా ఈ పని మూలం ఒకటే కాబట్టి తెలిసింది చెబుతాను.

ఈ ఉద్యోగం అంటే పిల్లల్ని ఎక్కడి నుంచో విడిపించి హోమ్‌లో చేర్చడం అని చాలామంది అనుకుంటారు. పేపర్లో ఫొటో పడేది దానికే మరి. 2015 బాల న్యాయ చట్టం 3వ సెక్షన్ ఒకసారి చదువు. బిడ్డను సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని, పెంపకం బాధ్యత మొదట కన్నవాళ్లదేనని అందులో స్పష్టంగా ఉంది. అందుకే మన రోజులో ఎక్కువ భాగం పెద్దవాళ్లతోనే గడుస్తుంది. తాగుడు మానలేని తండ్రి, వారం వడ్డీ కట్టలేక పిల్లను పనికి పంపే తల్లి, పదహారేళ్లకే మనవరాలి పెళ్లి చేసేస్తే బరువు తీరుతుందనుకునే అవ్వ. వాళ్లతో మాట్లాడి, రేషనో పింఛనో స్పాన్సర్‌షిప్పో తిరిగి తిరిగి ఇప్పించి, బిడ్డ అదే ఇంట్లో క్షేమంగా ఉండేలా చూడాలి. ఇప్పుడు కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ పోషణకు ఇచ్చే సాయం, నెలకు 4,000 రూపాయలు. అర్హత ఉన్న ఒక్క ఇంటికి అది మంజూరయితే ఆ ఇంటి పిల్ల బడి మానకుండా ఉంటుంది. నేను చూశాను.

పిల్లలతో మాట్లాడే పద్ధతి గురించి ఒక్కటి చెబుతా. అర్ధరాత్రి తిరుపతి స్టేషన్‌లో ఒంటరిగా ఒక బాబు దొరికాడనుకో. రైల్వే రక్షణ దళం (ఆర్.పి.ఎఫ్.) నుంచో పిల్లల హెల్ప్‌లైన్ 1098 నుంచో మనకు కబురు వస్తుంది. వెళ్లగానే ఊరు, పేరు అడగకు. "తిన్నావా నాయనా?" అని అడుగు. ఎదురుగా నిలబడకు, పక్కన కూర్చో. ఇడ్లీ పొట్లం విప్పి వాడికిచ్చి నువ్వూ ఒకటి తిను. ఫోన్ బ్యాగులో పెట్టెయ్. వాడు చెప్పే మొదటి ఊరు పేరు నిజం కాకపోవచ్చు, దాని మీద తగువు పెట్టుకోకు. ఎవరి దగ్గరికి పంపొద్దని వాడు భయపడుతున్నాడో అది తెలిస్తే సగం కేసు తెలిసినట్టే. ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి (బిడ్డ సంరక్షణ మీద నిర్ణయం తీసుకునే జిల్లా సమితి) ముందు హాజరుపరచాలి. ఆ హడావిడి మనది, దాన్ని బిడ్డ మీద చూపించకూడదు.

రాయడం కూడా ఇందులో పెద్ద పని. సమితి ఆదేశిస్తే సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ 15 రోజుల్లో ఇవ్వాలి. "కుటుంబ వాతావరణం బాగోలేదు" అని ఒక ముక్క రాసి పంపేవాళ్లున్నారు. అలాంటి వాక్యంతో ఒక బిడ్డ ఏళ్ల తరబడి హోమ్‌లో ఉండిపోవచ్చు. ఏం చూశావో రాయి. బిడ్డ ఎక్కడ పడుకుంటోంది, తలుపుకు గడియ ఉందా, బాత్రూమ్‌కు చీకట్లో ఎంత దూరం నడవాలి, తల్లి పనికి వెళ్లాక ఇంట్లో ఎవరుంటారు. ఇవి రాస్తే చదివేవాళ్లకు ఏం చేయాలో తెలుస్తుంది.

కోర్టు వీధి

నేను చిత్తూరులో లాయర్‌ని. చట్టం సంగతి నేను చెబుతా.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో గానీ 1967 ప్రోటోకాల్‌లో గానీ చేరలేదు. శరణార్థుల కోసం విడిగా చట్టం కూడా లేదు. శ్రీలంక తమిళులను, టిబెటన్లను ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. అఫ్ఘానిస్తాన్, మయన్మార్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్లను ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ నమోదు చేస్తుంది. దానికి ఢిల్లీలోను, చెన్నైలోను ఆఫీసులున్నాయి.

అయితే పిల్లల విషయంలో మన చేతులు ఖాళీగా లేవు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారత్ 1992 డిసెంబరు 11న చేరింది. దాని 22వ అధికరణం ప్రత్యేకంగా శరణార్థి పిల్లల గురించే. బాల న్యాయ చట్టంలో బిడ్డ అంటే 18 ఏళ్లు నిండని వ్యక్తి, పౌరుడై ఉండాలని ఎక్కడా లేదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కూడా అంతే. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే రక్షణ పౌరులు కానివాళ్లకూ ఉందని చెప్పింది. అమ్మాయ్, ఏ ఆఫీసులోనైనా "వీళ్లు మనవాళ్లు కాదు కదా" అంటే ఈ మాటలు మర్యాదగా, కాగితం మీద పెట్టి ఇవ్వు. నోటితో వాదిస్తే గుర్తుండదు.

ఇంకో ముఖ్యమైన పని జనన ధ్రువీకరణ. ఈ నేల మీద పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుకనూ నమోదు చేయాలి, తల్లిదండ్రులు ఏ దేశస్తులైనా సరే. గడువు 21 రోజులు. దాటినా ఆలస్య రుసుముతో చేయించవచ్చు, కానీ తిప్పలెక్కువ. శిబిరంలో గర్భిణులు ఎవరున్నారో చూసుకుని, ప్రసవం కాగానే ఆ కాగితం వెంట పడటం నీ పనిలో భాగం చేసుకో. రేపు వయసు తేల్చాల్సి వస్తే బాల న్యాయ చట్టం 94వ సెక్షన్ కింద ముందు అడిగేది బడి సర్టిఫికెట్టో జనన ధ్రువపత్రమో. అవి లేకపోతే ఎముకల పరీక్షకు పంపుతారు. ఆ పరీక్ష ఏడాది రెండేళ్లు అటూ ఇటూ చూపిస్తుంది. పదిహేడేళ్ల పిల్లవాడికి ఆ తేడాతోనే బతుకు మారిపోతుంది.

పాకాల జంక్షన్

ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. మన ఇటుక బట్టీల్లో, హోటళ్లలో పనిచేసే పిల్లలే ఇంకా ఎంతమందో ఉన్నారు. బడి మానేసిన ఆడపిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. ఉన్న కొద్దిమంది చదువుకున్న పిల్లలు కూడా పక్క రాష్ట్రం శిబిరాలకు వెళ్లిపోతే ఇక్కడ ఎవరు చూస్తారు? ఆ శిబిరాలకు తమిళనాడు ప్రభుత్వం డబ్బులు ఇస్తోంది కదా.

స్వర్ణముఖి

అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది. ఇక్కడ ఖాళీగా ఉన్న పోస్టులు చూసి నాకూ కోపం వస్తుంది. కానీ ఈ అమ్మాయి వెళ్లకపోతే ఆ పోస్టులు నిండుతాయా? ఖాళీలు నింపమని మనం అడగాల్సింది ప్రభుత్వాన్ని. ఇంకోమాట, శిబిరంలో నేర్చుకున్న మనిషి రేపు ఇక్కడికొస్తే ఇటుక బట్టీ పిల్లలకే లాభం.

సత్యవేడు టీచర్

పాకాల అన్నగారూ, శరణార్థి పిల్లలు పక్క రాష్ట్రంలోనే ఉంటారనుకోకండి. గుమ్మిడిపూండి దాటి ఆరంబాకం వస్తే ఆ తర్వాత స్టేషన్ మన తడే. మా వైపు పెయింటింగ్ పనులకు, కాంట్రాక్టు పనులకు అటు నుంచి రోజూ మనుషులు వస్తూ పోతూ ఉంటారు.

నేను పనిచేసిన ఒక బడికి అలాగే ఒక తల్లి ఇద్దరు పిల్లలతో వచ్చింది. ఏ ఊరు, ఏ ఏడు అన్నది చెప్పను. భర్త కొడుతుంటే శిబిరం వదిలి దూరపు బంధువుల ఇంటికి వచ్చేసింది. టీసీ లేదు, ఆధార్ లేదు. ఆన్‌లైన్‌లో పేరు ఎక్కదని ఆఫీసులో తిప్పి పంపబోయారు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డకూ అడ్మిషన్ నిరాకరించకూడదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఆ రెండూ ప్రింట్ తీసి దరఖాస్తుకు పిన్ చేసి ఇచ్చాం. చేర్చుకున్నారు.

చేరాక అసలు కథ. పెద్దపిల్ల తలుపు పక్కనే కూర్చునేది. ఎంత చెప్పినా లోపలికి వచ్చేది కాదు. బయట బండి ఆగిన చప్పుడైతే చాలు, పుస్తకాలు బ్యాగులో సర్దేసేది. తిట్టలేదు, బలవంతపెట్టలేదు. ఆ చోటు నీదేనని చెప్పి, ఆ తలుపు గడియ పెట్టే డ్యూటీ ఆ పిల్లకే ఇచ్చాం. మెల్లగా కుదుటపడింది. తమ్ముడు మాత్రం మొదటి రోజే గోలీల గుంపులో కలిసిపోయాడు. ఒకే ఇంటి పిల్లలు, ఒకే కష్టం, అయినా ఇద్దరికీ ఒకే మందు పనికిరాదు. మన నగరి అమ్మాయి ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రోహింగ్యా పిల్లలు నేరుగా ప్రభుత్వ బడుల్లో అడ్మిషన్ అడగవచ్చని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది. బడి గేటు దగ్గర ఇబ్బంది వస్తే అదీ ప్రస్తావించండి.

రేణిగుంట

నేను కొంతకాలం బంగ్లాదేశ్ కాక్స్ బజార్‌లో ఇదే పోస్టులో చేశాను. 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు దాటి వచ్చారు. అక్కడి కుటుపాలాంగ్ ఇప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద శరణార్థి శిబిరం. మీరు వెళ్లే చోటు అంత గందరగోళంగా ఉండదు. అక్కడ 1983 నుంచి వస్తూ స్థిరపడినవాళ్లున్నారు, మూడో తరం నడుస్తోంది. అయినా పద్ధతులు ఒకటే కాబట్టి రాస్తున్నా.

తల్లిదండ్రులు గానీ వేరే బంధువు గానీ ఎవరూ తోడు లేని బిడ్డ ఒక రకం. కన్నవాళ్ల నుంచి విడిపోయినా అత్తో మామో ఎవరో ఒకరి దగ్గర ఉన్న బిడ్డ ఇంకో రకం. రెండో రకం వాళ్లు లెక్కల్లో కనబడరు, "మా పిల్లే" అని చెప్పేస్తారు. చాలామంది ప్రేమగానే చూస్తారు. కొన్ని ఇళ్లలో మాత్రం ఆ బిడ్డ నీళ్లు మోసే పనిమనిషి. అది తెలియాలంటే ఒక్కసారి వెళ్తే చాలదు. భోజనం వేళకు వెళ్లాలి, బడి వేళకు వెళ్లాలి. ఇంటి పిల్లలు బడిలో ఉండి ఈ పిల్ల మాత్రం బోరు దగ్గర కనిపిస్తే ఇక అడగాల్సిందేమీ లేదు.

తిరుమలలో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చెబుతుంటారు చూడండి. కుటుపాలాంగ్‌లో మొదటి రోజుల్లో శరణార్థుల్లోనే ఒకాయన మైకు పెట్టి సరిగ్గా అలాగే తప్పిపోయిన పిల్లల పేర్లు పిలుస్తూ కూర్చునేవాడు. ఎంతోమంది పిల్లలు అలా అమ్మల దగ్గరికి చేరారు. పెద్ద పెద్ద సంస్థలు ఇంకా ఫారాలు అచ్చు వేయించుకుంటున్నప్పటి మాట అది. నేను అక్కడ మొదట తెలుసుకున్నది ఇదే: శిబిరంలో పిల్లల్ని కాపాడే మనుషులు మనం వెళ్లకముందే ఉంటారు. ఒక టీచరమ్మ, ఒక మంత్రసాని, చిన్న కొట్టు నడిపే తాత. వాళ్లెవరో ముందు తెలుసుకోండి. మీ కాంట్రాక్టు అయిపోయాక కూడా అక్కడ ఉండేది వాళ్లే.

కొన్ని నిర్ణయాలు ఒక్క మనిషి తీసుకోకూడదు. బిడ్డను బంధువుల దగ్గర ఉంచాలా, వేరే దేశంలో ఉన్న తండ్రి దగ్గరికి పంపాలా లాంటివి. దానికి 'బెస్ట్ ఇంట్రెస్ట్' పద్ధతి ఉంది. ముందు మనం అంచనా రాస్తాం, పెద్ద విషయమైతే కొందరు కలిసి కూర్చుని తేలుస్తారు. ఆ అంచనాలో బిడ్డ అభిప్రాయం బిడ్డ మాటల్లోనే రాయాలి.

గుమ్మిడిపూండి నుంచి

వణక్కం, నమస్కారం. నేను ఆ శిబిరం మనిషినే. తడ, సూళ్లూరుపేట వైపు పెయింటింగ్ పనికి వస్తూ తెలుగు నేర్చుకున్నాను. రాయడం రాదు. నేను చెబుతుంటే మా మేస్త్రీ కొడుకు టైప్ చేస్తున్నాడు.

మా అమ్మానాన్న 1984లో పడవలో వచ్చారు. అక్క 1986లో రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో పుట్టింది. నేను 1991లో పుట్టాను. నేను శ్రీలంక ఎప్పుడూ చూడలేదు. ఆ పేరే నా కార్డు మీద ఉంది.

మేడమ్, మీరు వస్తే సంతోషం. డబ్బులు వస్తాయి కదా అని పైన ఒక అన్న రాశారు. వస్తాయి, కాదనను. 2021లో పెంచారు కూడా. ఇంటి పెద్దకు నెలకు 1,500, మిగతా పెద్దవాళ్లకు 1,000, పిల్లలకు 500. బియ్యం ఇస్తారు. కొత్త ఇళ్లు కట్టిస్తున్నారు. తమిళనాడు మమ్మల్ని పస్తు పెట్టలేదు. మా పిల్లలకు కావలసింది వేరే. పాత ఇళ్లలో ఒకటే గది. మధ్యలో చీర కడితే అటు అమ్మానాన్న, ఇటు పిల్లలు. పెద్దవాళ్ల గొడవలన్నీ పిల్లల చెవిలోనే. ఆడపిల్ల ఈడు వచ్చాక చదువుకోవడానికి మూల ఉండదు. మగపిల్లలు ప్లస్ టూ దాకా బాగా చదువుతారు. ఆ తర్వాత పాస్‌పోర్ట్ లేదు, గవర్నమెంట్ ఉద్యోగం రాదు అని తెలుస్తుంది. "చదివి ఏం చేస్తావ్, బ్రష్ పట్టుకో" అంటారు. నాకూ అలాగే అన్నారు, పట్టుకున్నాను. నా కొడుకు ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాడికి ఆ మాట ఎవరూ చెప్పకుండా చూసే మనిషి మాకు కావాలి.

సర్వే చేసేవాళ్లు చాలామంది వచ్చారు. పిల్లల చేత బొమ్మలు గీయించి, సముద్రం గీస్తే సంతోషించి, పడవ గీస్తే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మళ్లీ రారు. మీరు అలా రావద్దు మేడమ్.

కోర్టు వీధి

అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. చట్టం మీ ఇంట్లో ఎలా గీత గీసిందో అందరికీ తెలియాలి. 1987 జులై 1కి ముందు భారత్‌లో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతో పౌరులు. ఆ తేదీ నుంచి పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇంకా బిగించారు. అంటే మీ అక్కకు పౌరసత్వ హక్కు ఉంది, అదే తల్లికి పుట్టిన మీకు లేదు. 1986లో మండపంలో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్ట్ ఇవ్వాలని 2022లో మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ ఆదేశించింది. మీ అక్క ఇంకా దరఖాస్తు చేయకపోతే జనన ధ్రువపత్రంతో న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనండి, అక్కడ లాయర్‌ను ఉచితంగా ఇస్తారు.

మీ విషయానికొస్తే, మూడు పొరుగు దేశాల మైనారిటీలకు దారి తెరిచిన 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక లేదు. కాస్త ఊరట ఏమిటంటే, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు 2025 సెప్టెంబరులో వచ్చిన కొత్త విదేశీయుల చట్టం శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. పౌరసత్వం వేరే పోరాటం.

నగరి అమ్మాయ్, అందుకే అంటున్నా, శిబిరంలో ప్రతి కుటుంబానికీ ఎవరు ఎప్పుడు ఎక్కడ పుట్టారో రాసిపెట్టడం కూడా బాలల సంరక్షణే.

పాకాల జంక్షన్

గుమ్మిడిపూండి అన్నా, మీ సంగతి చదివాక నేను ఇంకేమీ అడగను. మీ అబ్బాయి బాగా చదవాలి.

స్వర్ణముఖి

అమ్మ అడిగిన ఆరోగ్యం సంగతి మిగిలిపోయింది. అమ్మ భయం నిజమే, కొట్టిపారేయకు. బిడ్డ చెప్పిన మాటలు రాత్రి మంచం మీదికి వస్తాయి. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, సొంత పిల్లలు కాసేపు కనబడకపోతే గుండె దడ. నాతో పనిచేసిన చాలామందిలో చూశాను. ఓర్చుకుంటే పోయేది కాదు అది. వారానికోసారి పై అధికారితో ఒక్కొక్క కేసు గురించి కూర్చుని మాట్లాడే ఏర్పాటు ఉండాలి, టార్గెట్ల మీటింగ్ వేరు, ఇది వేరు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు కొన్ని అడుగు. ఒక్కొక్కరికి ఎన్ని కేసులు ఇస్తారు? సాయంత్రం దాటాక వెళ్లాల్సి వస్తే బండి, తోడు ఉంటాయా? పిల్లల రక్షణ గురించి సంస్థకు రాతపూర్వకమైన నియమావళి ఉందా? సిబ్బందిలోనే ఎవరైనా తప్పు చేస్తే ఎవరికి చెప్పాలి? ఆఖరి ప్రశ్నకు తడబడే సంస్థ అయితే చేరకు, ఎంత జీతమైనా సరే.

పోక్సో విషయం ఒక్కటి. లైంగిక వేధింపు గురించి బిడ్డ నీతో చెప్పాక దాచే హక్కు నీకు లేదు. 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అందుకని బిడ్డకు "ఎవరికీ చెప్పను" అని ఎప్పుడూ మాటివ్వకు. "నీకు సాయం చేయగలిగిన వాళ్లకు మాత్రమే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో ముందు నీతో అంటాను" అని చెప్పు. వాంగ్మూలం బిడ్డ ఇంటి దగ్గరో బిడ్డ కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. అలా జరిగేలా చూడటం నీ బాధ్యత. ఇక బిడ్డ పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టకూడదని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా వద్దు.

నగరి అమ్మాయి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. స్వర్ణముఖి అక్క రాసిన ప్రశ్నలు సంస్థకు మెయిల్ చేశాను. కేసుల సంఖ్య, బండి సంగతి, నియమావళి అన్నిటికీ జవాబు వచ్చింది. తప్పు జరిగితే ఎవరికి చెప్పాలో పేరు, నంబరుతో సహా ఇచ్చారు. అమ్మకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. గుమ్మిడిపూండి అన్న రాసింది విని, "ముందు ఒకసారి నేనూ వచ్చి చూస్తాను" అంది. అన్నా, మొదటి వారం నేను ఏం చేస్తే మీవాళ్లకు ఇబ్బంది లేకుండా ఉంటుంది?

గుమ్మిడిపూండి నుంచి

ఫారాలు తేవద్దు మేడమ్. సాయంత్రం నీళ్ల వేళకు ఆడవాళ్లంతా బయటే ఉంటారు, అప్పుడు రండి. ట్యూషన్ చెప్పే చెల్లెలు ఒకామె ఉంది, డిగ్రీ చదివింది. ముందు ఆమెను కలవండి, ఏ ఇంట్లో ఏముందో ఆమెకు తెలుసు. ఆదివారం మగవాళ్లు ఇంట్లో ఉంటారు, ఆ రోజు కూడా రావాలి. లేకపోతే "ఆడవాళ్లను రెచ్చగొట్టడానికి వచ్చింది" అంటారు. పిల్లలకు చాక్లెట్లు పంచవద్దు, క్యారమ్ బోర్డు ఒకటి తెచ్చి ట్యూషన్ దగ్గర పెట్టండి.

కోర్టు వీధి

ఒక ముఖ్యమైన సంగతి. శిబిరాల్లోకి బయటివాళ్లు వెళ్లాలంటే తమిళనాడు పునరావాస శాఖ ముందస్తు అనుమతి కావాలి. నీ పేరు సంస్థ పెట్టిస్తుంది, అమ్మగారికి అది ఉండదు. కాబట్టి ఆవిడను నేరుగా గేటు దగ్గరికి తీసుకెళ్లకు. సంస్థ ఆఫీసుకు తీసుకెళ్లి, నువ్వు ఎవరి కింద పనిచేయబోతున్నావో ఆ మేడమ్‌తో మాట్లాడించు. అనుమతి కాగితం జిరాక్స్ ఎప్పుడూ బ్యాగులో ఉంచుకో, క్యూ బ్రాంచ్ (తమిళనాడు నిఘా విభాగం) పోలీసులు అడుగుతారు.